బట్టీ మా పూచీ

మా ఆయన్ని సమ్మెకు నాయకుణ్ణి చేసింది ఆయన గొంతు. అంతకు మించి అప్పటికి ఆయన దగ్గర ఏమీ లేదు, కట్టుకున్నదాన్ని నేనే చెబుతున్నాను. సమ్మెకు ముందురోజు గేటు దగ్గర అందరూ గుమిగూడి, మొదట నోరు విప్పేదెవరా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఈయన పిట్టగోడ ఎక్కి ఒక్క కేక వేశాడు. బట్టీ హోరులో కూడా వినపడే గొంతు అది. "ఇంకెవరు, వీడే మన నాయకుడు" అన్నారు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా అత్త మురిసిపోయింది. మరిది విజిల్ వేశాడు. నాకు మాత్రం భయమేసింది. కంపెనీలో అందరూ ఆయన్ని అగ్గిపుల్ల అంటారు. పేర్లు ఊరికే వస్తాయా?

మాది గాజు సీసాలు చేసే కంపెనీ. బట్టీలో ఎనిమిది మూసలు ఉంటాయి. మూస అంటే మనిషి నడుమెత్తు మట్టి పాత్ర. గాజు అందులోనే కరుగుతుంది. మగవాళ్ళు పొడుగాటి ఇనుప గొట్టాలతో ఆ గాజు ఎత్తుకుని ఊదుతారు. ఆడవాళ్ళం పక్క షెడ్డులో సీసాలకు గడ్డి చుట్టి పెట్టెల్లో సర్దుతాం. మా ఆయనా మరిదీ బట్టీ దగ్గర, నేను గడ్డి దగ్గర. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం.

ఎండాకాలం మధ్యాహ్నం ఆ బట్టీ ముందు నిలబడటమంటే ఏమిటో నిలబడినవాళ్ళకే తెలుసు. అంతకుముందు ఏడాది ఎండల్లో తాత అల్లుడు గొట్టం చేతిలో ఉండగానే కుప్పకూలాడు. మళ్ళీ లేవలేదు. తాతంటే అందరికన్నా పాత పనివాడు. మా ఆయనకు గొట్టం పట్టడం నేర్పింది ఆయనే. అందుకే ఈసారి ఎండలు ముదరకముందే అందరం కలిసి ఒక్కటే అడిగాం: ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపండి, ఆ పనేదో తెల్లవారుజామున చేసిపెడతాం. యజమాని ససేమిరా అన్నాడు. బట్టీ మండుతుంటే మనుషులు పడుకుంటారా, బొగ్గేమన్నా చెట్లకు కాస్తోందా అన్నాడు. మేం పనిలోంచి దిగిపోయాం.

దిగిన రోజే మొదటి తగువు వచ్చింది. గాజు బట్టీని ఒకసారి వెలిగించాక ఆర్పకూడదు. చల్లారిందంటే మూసల్లో గాజు గడ్డకడుతుంది, మూసలు పగులుతాయి, ఇక ఆ బట్టీ మట్టిదిబ్బ. మా ఆయన ఎత్తు అదే. బొగ్గు వేసేవాడు లేకపోతే యజమాని నాలుగు రోజుల్లో కాళ్ళబేరానికి వస్తాడని ఆయన లెక్క. తాత లేచి కాదన్నాడు.

"పని ఆపుదాం. బట్టీని మాత్రం మనమే కాచుకుందాం. వంతులేసుకుని ఇద్దరిద్దరు లోపలికెళ్ళి బొగ్గేద్దాం. బొగ్గు ఆయనది, చేతులు మనవి. రేపు గెలిచాక పని చెయ్యాల్సింది ఎక్కడరా? బూడిదలోనా?"

చాలామంది తల ఊపారు. తన మాట పక్కకు పోతోందనేసరికి మా ఆయనకు తిక్క రేగింది. గోడ మీద నుంచే అరిచాడు.

"నీకింకా యజమాని ఉప్పు అరగలేదు తాతా! అల్లుణ్ణి మింగిన బట్టీకి నీ చేత్తోనే మేత వేస్తావా? సిగ్గు లేదూ?"

అక్కడున్న ఆడవాళ్ళం అమ్మో అన్నాం. తాత భుజం మీద తుండుగుడ్డ దులుపుకుని ఇంటిదారి పట్టాడు. ఆయన వెనకాల ఒకరు, ఆ ఒకరి వెనకాల నలుగురు. చూస్తుండగానే గేటు ముందు సగం ఖాళీ అయింది.

ఇంటికొచ్చాక ఈయన కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతాడు, తినడు. మళ్ళీ కలుపుతాడు.

"పోయేవాళ్ళు పోనీ, ఉన్నవాళ్ళతోనే నడిపిస్తా" అన్నాడు.

"ఎవరితో? మీ తమ్ముడితోనా, నాతోనా?" అన్నాను. "గొంతుంటే నాయకుడైపోతారా? కోడికీ ఉంది గొంతు. తెల్లారిందని అరుస్తుంది, అంతే. తెల్లవారించేది అది కాదు."

కంచం గోడకు తగిలింది. అత్త "ఊరుకోవే అమ్మాయ్, వాడసలే..." అంటూ అడ్డం వచ్చింది. వాడసలే, వాడసలే అని ఆవిడ అడ్డం రాబట్టే కదా ఈయన ఇంతవాడయ్యాడు! మెతుకులు ఎత్తుకుంటూ ఆ మాటా అనేశాను. మరిది నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

మరిది గురించి ఒక మాట చెప్పాలి. మామయ్య పోయేనాటికి వాడు నిక్కర్లు తొడుక్కునేవాడట. అన్నే తండ్రయి పెంచాడు, బట్టీలో పనికి పెట్టాడు. అన్నంటే ప్రాణం. కొట్టినా తిట్టినా ఆ వెనకే తిరిగేవాడు. అన్న ఏది చేస్తే అదే గొప్ప వాడికి. కంచం విసిరితే అదీ గొప్పే.

తర్వాత రెండు రోజులు గేటు ముందు పిడికెడు మంది మిగిలాం. లోపల యజమానీ గుమాస్తాలూ చేతకాని చేతులతోనే బొగ్గు వేసి బట్టీని ఆరనివ్వకుండా నెట్టుకొస్తున్నారు. మూడోనాడు ఈయన "తాత ఇంటికి వెళ్దాం, నువ్వూ రా" అన్నాడు. తాత వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చుని అద్దం ముక్కలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. ఈయన నిలబడే "నోరు జారాను తాతా, మనసులో పెట్టుకోకు" అన్నాడు. తాత చెంప మీద సబ్బు తుడుచుకున్నాడు, తాపీగా.

"ఇంటికొచ్చి అడుగుతున్నావు. తిట్టింది గేటు దగ్గర."

ఈయన గుమ్మం వైపు ఒక చూపు చూసి తల దించుకున్నాడు.

"నీ నోటికే నువ్వు యజమానివి కాలేకపోయావురా. ఆ యజమానితో ఏం మాట్లాడతావు?" అని తాత మళ్ళీ అద్దంలోకి చూసుకున్నాడు.

దారంతా ఈయన బుసలు కొట్టాడు. "పదిమందిలో చేతులు కట్టుకోమంటాడా ముసలాడు! పైగా ఎదురుగా మనవరాలు నిలబడి వింటోంది!" అన్నాడు. తాత కూతురి పిల్ల గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూస్తూనే ఉంది. అల్లుడి పోలికే. నేను ఏమీ అనలేదు. కొన్నిసార్లు మొగుడికి జవాబు చెప్పకపోవడమే పెద్ద జవాబు.

మర్నాడు ఊరంతా కబురు పెట్టి అందర్నీ గేటు దగ్గరికి రప్పించాడు. గోడ ఎక్కబోయి ఆగి, కిందే నిలబడ్డాడు. "తాతను నేను అనరాని మాట అన్నాను. తప్పు నాది" అన్నాడు. అంత గొంతూ ఎటు పోయిందో, పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. వెనకనుంచి ఎవడో కొంటెగా "వినపడట్లేదన్నా!" అని కేకేశాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఇప్పుడు వాడి మీద పడతాడు, అయిపోయింది సమ్మె అనుకున్నాను. ఈయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, ఈసారి రోడ్డు అవతలికి కూడా వినపడేటట్టు అన్నాడు: "తాతను అనరాని మాట అన్నాను! తప్పు నాది! బట్టీని మనమే కాద్దాం!"

నవ్వినవాళ్ళే చప్పట్లు కొట్టారు. తాత గుంపులోంచి వచ్చి "చాల్లే, చెవులు పోయాయి" అన్నాడు. ఆ పూటే ఇద్దరూ లోపలికెళ్ళి యజమానికి చెప్పి వచ్చారు. బొగ్గు మీరివ్వండి, లోపలికి ఇద్దరిద్దర్ని రానివ్వండి, బట్టీ మా పూచీ. ఆ పూచీ మాట అన్నది మా ఆయనే.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పమంటే ఎండ, ఆకలి, ఎదురుచూపు అని మూడు మాటల్లో చెప్పొచ్చు. కాని నేను చూసింది వేరే ఉంది. ఒక సాయంత్రం తాత మా గుమ్మంలో కూర్చుని ఈయన్ని అడిగాడు.

"గొట్టానికి గాజు ఎత్తుకోగానే ఊదితే ఏమవుతుంది?"

"జారి కాళ్ళ మీద పడుతుంది."

"మరి? ముందు తిప్పాలి. నిదానంగా తిప్పాలి. తర్వాత ఊదాలి. మాట కూడా అంతే."

అప్పటినుంచి ఎవరైనా రెచ్చగొడితే ఈయన వేళ్ళు రెండూ గొట్టం తిప్పుతున్నట్టు కదిలేవి. "ఏంటి, గాల్లో సీసాలు చేస్తున్నారా?" అని నేను ఆటపట్టించేదాన్ని. నవ్వేవాడు కాదు, తిప్పేవాడు. యజమాని మా లైన్ల, అంటే మేముండే కంపెనీ ఇళ్ళ, కుళాయి కట్టేయించిన రోజున కుర్రాళ్ళు రాళ్ళు పట్టుకుని బయల్దేరారు, మా మరిది అందరికన్నా ముందు. ఈయన వాళ్ళకు ఎదురెళ్ళి, చాలాసేపు వేళ్ళు తిప్పి, "రాయి వేస్తే కుళాయి వస్తుందా, పోలీసులొస్తారా?" అని అడిగాడు. అరవలేదు, అడిగాడు. ఆ తర్వాత బిందె పట్టుకుని వీధి చివరి బోరింగు దగ్గరికి నడిచాడు. మేమందరం బిందెలు తీసుకుని ఆయన వెనక వరస కట్టాం. గేటు ముందు నుంచే ఆ వరస రోజూ నడిచేది. యజమానే చూడలేకపోయాడో ఏమో, కుళాయి వదిలారు.

మరిదికి ఇది నచ్చలేదు. "అన్న మెత్తబడిపోయాడు వదినా" అనేవాడు. "వాడి బట్టీకి మనం బొగ్గెయ్యడమేంటి? నా వంతొచ్చినప్పుడల్లా చేతులు మంటెక్కుతున్నాయి."

"మంట బట్టీలో పెట్టు, చేతుల్లో కాదు" అన్నాను. అని ఊరుకున్నాను.

చివరికి యజమాని దిగివచ్చాడు. సీసాలు కొనే కంపెనీ తొందరపెట్టినట్టుంది. రేపు ఉదయం రండి, ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపేటట్టు రాసుకుందాం అని కబురు పంపాడు. ఊదేవాళ్ళ తరఫున మా ఆయనా తాతా, ప్యాకింగు ఆడవాళ్ళ తరఫున నేను వెళ్ళాలని అనుకున్నాం. ఆ మధ్యాహ్నం బట్టీ దగ్గర వంతు మరిదిది.

సాయంత్రం వాడు ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పిలిస్తే పలకడు. వీధంతా పండగలా ఉంటే వీడేంటి ఇలా ఉన్నాడనుకుంటున్నాను, అంతలో మా ఆయన వచ్చాడు. ఒకసారి చూసొద్దామని బట్టీ దగ్గరికి వెళ్ళి వస్తున్నాడు. చేతిలో ఆకుపచ్చ గాజు ముక్క ఉంది, బొటనవేలంత, సన్నగా సాగి గడ్డకట్టింది. దాన్ని తమ్ముడి ముందు నేల మీద పెట్టాడు.

"బూడిద గుంటలో దొరికింది" అన్నాడు.

బూడిద గుంటలోకి గాజు కారిందంటే పైన మూస పగిలిందని అర్థం. అత్త కొడుకులిద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది. ఈయన చెయ్యి లేస్తుందని ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. ఈయన కింద కూర్చున్నాడు. మోకాళ్ళ మీద వేళ్ళు కదులుతున్నాయి.

"జతగాడేడి?"

"వాంతులయ్యాయి. నేనే ఇంటికి పొమ్మన్నా."

"ఒక్కడివే ఉన్నావా?"

"ఒక్కణ్ణే. ఆ వేడికి కళ్ళు తిరిగాయి. కాసేపు నీడన కూర్చుందామనుకున్నా. నిద్ర పట్టేసింది అన్నా."

"లేచాక?"

"ఎరుపు తగ్గిపోయింది. భయమేసింది. బొగ్గంతా ఒక్కసారే తోసేసి గాలి తలుపు బార్లా తెరిచా."

బట్టీ తెలిసినవాడెవడూ చెయ్యకూడని పని అది, భయపడ్డ బట్టీవాడు మాత్రమే చేసే పని. చల్లబడిన బట్టీని కొంచెం కొంచెంగా లేపాలి. ఒక్కసారిగా మంట తగిలితే మూస తట్టుకోలేదు.

"టప్ మంది" అన్నాడు మరిది. చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "కొట్టన్నా. కొట్టెయ్."

కొట్టలేదు. "మిగిలిన ఏడూ చూసొచ్చా. బాగానే ఉన్నాయి" అన్నాడు. నేల మీది గాజు ముక్కను వేలితో ఒకసారి దొర్లించి, "పొద్దున్నే చెప్పాలి" అన్నాడు.

"ఎవరికి?" అంది అత్త.

"ముందు మనవాళ్ళకి. తర్వాత ఆయనకి."

అత్త అంతెత్తున లేచింది. "మతి పోయిందా నీకు? రేపు సంతకాలు. మూసలు వాటంతటవి పగలడం లేదా? ఎన్ని పగల్లేదు? పని మొదలయ్యాక చూసుకుని, కాలం తీరి పగిలిందనుకుంటారు. తమ్ముణ్ణి నీ చేత్తో వీధిన పడేస్తావా?"

నేనూ అత్త పక్షమే. మా ఇద్దరికీ ఒక మాట మీద కుదరడం అదే మొదటిసారి. సంతకాలు కానివ్వండి, నోరు మూసుకోండి అన్నాను. ఇప్పుడడిగినా నేను అదే అంటాను. వీధివీధంతా అన్ని వారాలు పస్తులుండి తెచ్చుకున్న మధ్యాహ్నం అది. ఒక్క మూసకి ఎలా వదులుకుంటాం? ఆయన మాత్రం తమ్ముడి ముందున్న ఆ గాజు ముక్కనే చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున్న గేటు ముందు పండగ చేసుకోడానికి వచ్చిన జనం ముందు ఆయన నిలబడి, మూస పగిలిందని చెప్పాడు. తన ఇంటివాడి వంతులో పగిలిందని చెప్పాడు. ఒక్కసారి గోల రేగింది. "నీ తమ్ముడి నిద్రకి మా నోట్లో మట్టా?" అని ఒకడు మీదికొచ్చాడు. "చెప్పకపోతే ఎవడికి తెలుసు?" అని ఇంకొకడు.

"నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు" అన్నాడు ఈయన.

తాత ముందుకొచ్చాడు. తాత అండగా నిలబడతాడని నేననుకున్నాను. మా ఆయనా అనుకున్నాడు, ఆయన మొహంలోనే కనపడింది.

"చెప్పకు" అన్నాడు తాత. "నా అల్లుడు పోయింది మధ్యాహ్నం పూట. నువ్వు మంచివాడివనిపించుకోడానికి మా మధ్యాహ్నాలు ఖర్చుపెట్టకు."

ఆ మాట నాకే గుచ్చుకుంది, ఆయనకెలా ఉందో ఊహించుకోండి. ఇక్కడ అరిస్తే అయిపోయేది. ఆయన గొంతుకు ఆ జనం లొంగేవాళ్ళే, ఇప్పటికీ. అరవలేదు. ఎంత మెల్లగా మాట్లాడాడంటే వినడానికి అందరం దగ్గరికి జరగాల్సి వచ్చింది.

"మంచివాణ్ణి కాదు తాతా, నీకు తెలియందేముంది. ఇవాళ ఆయన మనకు మాటిస్తాడు. ఆ మాట ప్రతి ఎండాకాలం నిలబడాలి. మనం మూస దాచి సంతకం తీసుకున్నామని నెల తర్వాత తెలిస్తే, మీ మాటే అబద్ధం, ఇక నా మాటెందుకు అనడూ? అప్పుడు మళ్ళీ మధ్యాహ్నం బట్టీ ముందు నిలబడేది ఎవరు?" తాత వైపు నుంచి జనం వైపు తిరిగాడు. "ఇది నేనొక్కణ్ణి తేల్చేది కాదు. వద్దంటే వద్దు. కానీ దాచి మాట్లాడటం నా వల్ల కాదు, అప్పుడు ఇంకొకర్ని పంపండి."

ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తాత నేల చూపులు చూశాడు, ఆకాశం చూశాడు, చివరికి తుండుగుడ్డతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు.

"పద. ఏం జరిగితే అది జరుగుతుంది. కుర్రాణ్ణి మాత్రం లోపలికి లాగకు."

"నేనూ వస్తా" అని వెనక నుంచి వినపడింది. మరిది. ఉదయం నుంచి ఎక్కడున్నాడో తెలియదు. అత్త వాడి చొక్కా పట్టుకుని లాగుతోంది. వాడు మెల్లగా ఆవిడ వేళ్ళు విడిపించుకుని వచ్చాడు.

యజమాని గదిలో ఫ్యాను టకటకమంటూ తిరుగుతోంది. బల్ల మీద కాగితాలు, పక్కన పెన్ను. మా ఆయన కూర్చోలేదు. "సంతకానికి ముందు మీకొకటి చెప్పాలి" అని మొత్తం చెప్పాడు. యజమాని లేచి తనే బట్టీ దగ్గరికి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేదాకా మేం నలుగురం గోడకు వేసిన మేకుల్లా నిలబడిపోయాం. వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఏడు బాగున్నాయి" అన్నాడు. "ఎవరు నిద్రపోయింది?"

"పూచీ నాది" అన్నాడు మా ఆయన.

"నేనడిగింది అది కాదు."

"నేనేనండి" అన్నాడు మరిది.

నాకిక ఆగలేదు. "ఆ ఎండలో మిమ్మల్ని ఒక్కరోజు అక్కడ నిలబెడితే మీరూ పడిపోతారు! మేం మొత్తుకుంటున్నది దాని గురించే కదా!" అని అనేశాను. తాత నా వైపు చూశాడు, ఊరుకో అని కాదు.

"అందుకే ఈ కాగితం మీద సంతకం పెడుతున్నాను" అన్నాడు యజమాని. కోపంగా కూడా లేడు, అదే నాకు భయం వేసింది. "చెప్పారు కాబట్టి పెడుతున్నాను. చెప్పకుండా ఉండుంటే, సరుకు పంపించేశాక ఏదో ఒక వంక పెట్టి చించేసేవాణ్ణి. కానీ బట్టీ దగ్గర నిద్రపోయినవాడు మళ్ళీ నా గేటులోకి రాకూడదు. ఇది ఒప్పుకుంటే అది."

మా ఆయన వేళ్ళు మళ్ళీ కదలడం మొదలుపెట్టాయి. "వాణ్ణి ఉంచండి. నన్ను తీసెయ్యండి" అన్నాడు.

యజమాని కళ్ళు మెరిశాయి. మెరవవా మరి! అగ్గిపుల్లను వదిలించుకోడానికి అంతకన్నా మంచి అవకాశం దొరుకుతుందా? "ఏమిటా మాట? నువ్వు పోతే ఈ కాగితానికి కాపలా ఎవడ్రా?" అని తాత గట్టిగానే అన్నాడు. ఈయన వినిపించుకోలేదు. తమ్ముణ్ణి చంకనెత్తుకున్న రోజుల్లోకి వెళ్ళిపోయాడో ఏమో, "నేనే పోతాను" అని మళ్ళీ అన్నాడు.

"అన్నా" అన్నాడు మరిది. "తప్పు నాది. శిక్ష కూడా నువ్వే లాక్కుంటావా?"

మా ఆయన వాడి వైపు తిరిగి చూశాడు. వాడెప్పుడు అంత ఎత్తు ఎదిగాడో ఆయనకు అప్పుడే కనిపించినట్టుంది. పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. తర్వాత నేను, తర్వాత తాత.

బయట జనం మా ఆయన్ని భుజాల మీద ఎత్తుకోబోతే వద్దని తోసేశాడు. ఇంట్లో అత్త ఏడవలేదు, తిట్టలేదు. చిన్నకొడుకు బట్టలు మడతపెట్టి సంచిలో సర్దింది. పక్కూళ్ళో మేనమామ ఇటుక బట్టీలో పని చేస్తాడు, వాడు అక్కడికి బయల్దేరాడు. ఈయన బస్సు దాకా దిగబెట్టి వచ్చాడు. ఇద్దరూ దారిలో ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. వెళ్ళేముందు వాడు నాతో అన్నది ఒక్కటే: "అన్న మెత్తబడలేదు వదినా."

అత్త పెద్దకొడుకుతో మాట మానేసింది. కంచం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, మాట మాత్రం లేదు. "అమ్మా" అంటే నా వైపు తిరిగి "ఏం కావాలో అడుగు" అంటుంది. ఒకే గదిలో ముగ్గురం, మధ్యలో నేను దుబాసీని. ఆయన నిద్ర కూడా మానేశాడు. కళ్ళు మూసుకుంటాడు, నిద్రపోడు.

పని మళ్ళీ మొదలైంది. బట్టీకి బొగ్గు వేసేవాళ్ళను వంతులవారీగా మారుస్తూ, మిగిలినవాళ్ళందరూ మధ్యాహ్నం బయటికి రావాలి. మొదటి రోజు సైరన్ మోగితే ఎవరూ కదల్లేదు. నమ్మకం కుదరక గొట్టాలు పట్టుకుని అలాగే నిలబడ్డారట. తాత ముందు గొట్టం దింపాడు. అందరూ మా ప్యాకింగు షెడ్డులోకి వచ్చి, గడ్డి మీద ఎక్కడివాళ్ళక్కడ ఒరిగిపోయారు. నోళ్ళు తెరుచుకుని, చేతులు పారేసుకుని, అంతమంది మనుషులు నిద్రపోతుంటే చూడటం నాకు అదే మొదటిసారి. తాత అల్లుడు కూడా ఇలా పడుకోవలసినవాడే. షెడ్డు గుమ్మంలో మా ఆయన ఒక్కడే మేలుకుని, లోపల బట్టీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది అత్త. ఎప్పుడూ కంపెనీకి రాని మనిషి, ఎండలో చెమటలు కక్కుతూ, వాచ్‌మన్ అడ్డుపడుతున్నా తోసుకుని వచ్చింది. కొడుకు కోసం మనసులో దాచుకున్న తిట్లన్నీ ఇవాళ అందరి ముందూ తిడుతుందనుకున్నాను. లేచి ఎదురెళ్ళాను. ఆవిడ నన్ను దాటుకుని గుమ్మంలో ఆగింది. గడ్డి మీది మనుషుల్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. తాత దగ్గర చాలాసేపు చూసింది. ఆయన ఛాతీ పైకీ కిందికీ ఆడుతోంది.

అత్త కొడుకు పక్కన కూర్చుంది. ఆయన తల తిప్పలేదు, తిట్ల కోసం ఎదురుచూస్తున్నట్టు మెడ వంచుకున్నాడు.

"నువ్వూ కాసేపు పడుకోరా" అంది అత్త. "నేను మేలుకునే ఉంటాలే."